తెర మీద గట్టి, లోపల డొల్ల

తాండూరు నాపరాయి పాలిషింగు యూనిట్లలో బేరింగుకు మొదటి శత్రువు బురద. రాయిని కోసేటప్పుడు, రుద్దేటప్పుడు నీళ్లూ రాతిపొడీ కలిసి చిక్కటి బురద తయారవుతుంది. అది సీలు సందులోంచి లోపలికి చేరితే ముందు బేరింగు పోతుంది. పట్టించుకోకుండా అలాగే నడిపితే బేరింగు కూర్చునే హౌసింగు కూడా అరిగిపోతుంది. బేరింగుదేముంది, నంబరు చెబితే షాపులో తీసిస్తారు. హౌసింగు అలా దొరకదు. యంత్రం పాతదై, చేసిన కంపెనీ డ్రాయింగు చేతిలో లేకపోతే కొత్తది చేయించుకోవాల్సిందే.

ఈ పనిని దోమ మండలంలో మెకానికల్ డిప్లొమా చదివిన ఒక కుర్రాడికి అప్పగించారనుకుందాం. అతను అరిగిన ముక్కను స్కాన్ చేయించి, ల్యాప్‌టాప్‌లో మోడల్ తయారు చేసి, హైదరాబాద్ బాలానగర్‌లోని ఒక జాబ్ షాపుకు ఫైలు పంపాడు. తెర మీద ఎటు తిప్పి చూసినా చక్కగా ఉంది. షాపులో ప్రోగ్రామర్ దాన్ని మోడల్ నుంచి మిషన్ ప్రోగ్రామ్ తీసే క్యామ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచాడు. పాకెట్ తవ్వడానికి టూల్‌పాత్, అంటే టూల్ కదలాల్సిన దారి అడిగితే సాఫ్ట్‌వేర్ చేతులెత్తేసింది. ఇంకో ఆపరేషన్‌లో దారి వచ్చింది కానీ టూల్ గోడలోకి దూరిపోతున్నట్టు చూపించింది. మూడోది తెర మీద బాగానే వచ్చింది, మిషన్ మీద కోశాక బోరు చిన్నదైంది.

ఇలాంటప్పుడు షాపులో మొదట వినిపించే మాట "సాఫ్ట్‌వేర్ ఖరాబైంది". రెండో మాట "మోడల్ సరిగ్గ గీయలే". రెండూ తొందరపాటు మాటలే కావచ్చు. డ్రాయింగు నుంచి రజను రాలేదాకా ఒక జాబ్ ఆరేడు చేతులు మారుతుంది. మోడల్, ఫైలు మార్పిడి, మరమ్మతు, టూల్‌పాత్, పోస్ట్ ప్రాసెసర్, మిషన్ కంట్రోల్, చివరికి టూల్. తప్పు ఒకచోట పుట్టి, రెండు మూడు మజిలీలు దాటాక ఇంకోచోట బయటపడుతుంది. కనబడిన చోట పట్టుకుని సరిచేస్తే అది పోదు, తర్వాతి జాబ్‌లో మళ్లీ వస్తుంది. పుట్టిన చోటు పట్టుకోవాలంటే కంప్యూటర్ ఆకారాన్ని ఎలా దాచుకుంటుందో కొంచెం తెలియాలి.

హ్యాండిల్ నుంచి అంకెల దాకా

హైదరాబాద్‌కు యంత్రపరికరాల చరిత్ర ఉంది. ప్రాగా టూల్స్ 1943లోనే మొదలైంది. 1960లలో హెచ్‌ఎంటీ యూనిట్ వచ్చింది. 1968లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సహాయంతో కేంద్ర ప్రభుత్వం బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌ను నెలకొల్పింది. అందరూ సీఐటీడీ అనే సంస్థ ఇదే. అణు రియాక్టర్లకూ, ఇస్రో రాకెట్లకూ విడిభాగాలు చేసే ఎంటార్ 1970లో ఈ ప్రాంతంలోనే పుట్టింది. పెద్ద కర్మాగారాల చుట్టూ బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లిలలో చిన్న షాపులు లేచాయి. మొదట్లో అక్కడంతా చేతి పని. లేతు హ్యాండిల్ తిప్పే మనిషికి డ్రాయింగులోని ప్రతి కొలతా బుర్రలో ఉండేది.

ఆ హ్యాండిల్‌ను అంకెల చేతికి అప్పగించే ప్రయత్నం అమెరికాలో మొదలైంది. హెలికాప్టర్ రెక్కల కొలతలతో కుస్తీ పడుతున్న జాన్ పార్సన్స్ ఆలోచనను ఎంఐటీ అందుకుని, 1952లో అంకెల ఆదేశాలతో నడిచే మిల్లింగు యంత్రాన్ని ప్రదర్శించింది. ఆ ఆదేశాలు రాయడానికి అక్కడే డగ్లస్ రాస్ బృందం ఏపీటీ అనే భాషను తయారుచేసి 1959లో బయటపెట్టింది. ఫ్రాన్స్‌లో కారు ఒంపులను సమీకరణాలలో పట్టుకోవడానికి సిట్రొయెన్‌లో పాల్ ద కాస్టెల్‌జో, రెనోలో పియెర్ బెజియె విడివిడిగా దారి కనిపెట్టారు. 1970లలో కేంబ్రిడ్జిలో ఇయాన్ బ్రెయిడ్ వంటివారు ఒంపులతో ఆగక పూర్తి వస్తువునే కంప్యూటర్‌లో నిలబెట్టారు. ఇవాళ షాపులో తెరిచే ప్రతి సాలిడ్ మోడల్‌కూ మూలాలు ఇవే.

చర్మమే వస్తువు

తెర మీద హౌసింగు ముద్దగా, బరువుగా కనిపిస్తుంది. కంప్యూటర్ దగ్గర మాత్రం దాని లోపలి లోహం ఎక్కడా లేదు. ఉన్నది పైచర్మం ఒక్కటే. ముఖాలు, ముఖాలు కలిసే అంచులు, అంచులు కలిసే మూలలు, ఏ ముఖానికి ఏ అంచు పొరుగో చెప్పే ఒక పట్టిక. ప్రతి ముఖానికీ ఒక బాణం ఉంటుంది. అది లోహం లేని వైపు చూపిస్తుంది. లోపలేదో బయటేదో సాఫ్ట్‌వేర్‌కు తెలిసేది ఆ బాణాల వల్లే.

చర్మం ఎక్కడా చిరగకుండా ఉంటేనే దాన్ని సాలిడ్ అంటారు. నియమం చిన్నదే: ప్రతి అంచునూ కచ్చితంగా రెండు ముఖాలు పంచుకోవాలి. ఒక్క ముఖమే ఉంటే అక్కడ చిరుగు ఉన్నట్టు. మూడు ఉంటే ఆకారం తనలో తాను ఇరుక్కున్నట్టు. ఇంకో పరీక్ష కూడా ఉంది. 18వ శతాబ్దంలో ఆయిలర్ చెప్పిన లెక్క ప్రకారం ఘనచతురస్రానికి మూలలు 8, అంచులు 12, ముఖాలు 6. మూలల్లోంచి అంచులు తీసేసి ముఖాలు కలిపితే 2 వస్తుంది. అందులో ఆరపార ఒక బోరు వేస్తే మూలలు 10, అంచులు 15, ముఖాలు 7 అవుతాయి. బోరు నోళ్లు రెండింటినీ విడిగా లెక్కించి తీసేస్తే మిగిలేది 0. ప్రతి ఆరపార రంధ్రానికీ లెక్క 2 చొప్పున తగ్గుతుంది. సాఫ్ట్‌వేర్‌లో "మోడల్ చెక్ చేయి" అని నొక్కినప్పుడు లోపల జరిగే పనుల్లో ఇలాంటి లెక్క ఒకటి.

ఈ లెక్క పొరుగుసంబంధాలను మాత్రమే చూస్తుంది. ఒక మూలను లాగి ఎదుటి గోడ అవతలికి తీసుకెళ్లినా మూలలు, అంచులు, ముఖాల సంఖ్య మారదు. లెక్క సరిపోతుంది, ఆకారం మాత్రం తనను తాను కోసుకుంటుంది. అందుకే చెక్ పాసైందని ఊరుకోకుండా, అనుమానం ఉన్నచోట మోడల్‌ను అడ్డంగా కోసి లోపలి గోడలు చూడడం అనుభవమున్న ప్రోగ్రామర్లకు అలవాటు. టూల్ గోడలోకి దూరిపోయిన మన రెండో రోగానికి చాలాసార్లు కారణం తిరగబడిన బాణమే. ఆ ఒక్క ముఖం దగ్గర సాఫ్ట్‌వేర్ లోహాన్ని గాలి అనుకుంటుంది.

అంచులు అసలు ఎందుకు కలవవు

గీసేటప్పుడే అంచులన్నీ కచ్చితంగా కలిపితే పోదా అనిపిస్తుంది. గణితం ఒప్పుకోదు. రెండు సమతలాలు కలిస్తే సరళరేఖ వస్తుంది, దాన్ని కచ్చితంగా రాయొచ్చు. ఒంపు ఉపరితలాలు కలిస్తే కథ వేరు. డిజైనర్లు మామూలుగా వాడే మూడో ఘాతపు ఒంపు పలకలు రెండు ఖండించుకుంటే, వచ్చే వక్రరేఖ సమీకరణం ఘాతం 324 దాకా పోవచ్చు. అలాంటి సమీకరణంతో ఏ సాఫ్ట్‌వేరూ పని చేయలేదు. కాబట్టి దానికి దగ్గరగా ఉండే తేలిక వక్రరేఖను గీసుకుని "ఇదే అంచు" అనుకుంటుంది. ఆ అంచు మొదటి ముఖం మీదా కచ్చితంగా ఉండదు, రెండో ముఖం మీదా ఉండదు. రెండింటికీ నడుమ వెంట్రుకలో వందో వంతు సందులు ఉంటాయి. ఇలాంటి ఒంపులు కలిసే ప్రతి మోడల్‌లోనూ ఉంటాయి.

అయితే మోడల్ సాలిడ్ ఎలా అయింది? "ఇంతకన్నా చిన్న సందును సందుగా లెక్కపెట్టను" అని సాఫ్ట్‌వేర్ ఒక హద్దు పెట్టుకుంటుంది కాబట్టి. అదే టాలరెన్స్. కందుల కోసం కుట్టిన గోనెసంచిలో కుట్టుకూ కుట్టుకూ మధ్య సందులుంటాయి. కందిగింజ వాటిలోంచి జారదు కాబట్టి సంచి బాగానే ఉందంటాం. అదే సంచిలో నువ్వులు పోస్తే దారి పొడవునా రాలిపోతాయి. సంచి మారలేదు, కుట్టు మారలేదు, గింజ మారింది.

షాపులో జరిగేది ఇదే. సాఫ్ట్‌వేర్ లోపల ఆకారాన్ని మోసే ఇంజిన్‌ను కెర్నల్ అంటారు. సీమెన్స్ ఎన్‌ఎక్స్, సాలిడ్‌వర్క్స్, మాస్టర్‌క్యామ్ సాలిడ్స్ వంటివి పారాసాలిడ్ అనే కెర్నల్ మీద నడుస్తాయి. దాని పట్టింపు మిల్లీమీటరులో లక్షో వంతు. విమాన రంగంలో ఎక్కువగా వాడే కాటియా సొంత కెర్నల్ సాధారణంగా మిల్లీమీటరులో వెయ్యో వంతుతో సరిపెట్టుకుంటుంది. తేడా వంద రెట్లు. కాటియాలో 0.0008 మిల్లీమీటర్ల సందు ఉన్న అంచు నిఖార్సైన అంచే. అదే ఫైలు పారాసాలిడ్ ఉన్న సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తే, ఆ అంచును ప్రత్యేకంగా సడలించి పట్టుకోవాలి. ఆ సడలింపు దిగుమతిలో సరిగ్గా కుదరకపోతే చిరుగు మిగులుతుంది, సాలిడ్ కాస్తా ఓపెన్ సర్ఫేస్ అవుతుంది. టూల్‌పాత్ రాని మన మొదటి రోగం చాలాసార్లు ఇదే. గీసినవాడు తప్పు చేయలేదు, తెరిచినవాడూ చేయలేదు.

ఏ ఫైలులో ఏం పోతుంది

ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి పోయే దారులు మూడు ముఖ్యమైనవి. 1980లో వచ్చిన ఐజీఈఎస్ ఎక్కువగా ముఖాలను విడివిడిగా మోస్తుంది. ఏది దేనికి పొరుగో ఆ పట్టిక దారిలోనే పోతుంది, అవతలివాళ్లు మళ్లీ కుట్టుకోవాలి. 1994లో అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిన స్టెప్ పట్టికతో సహా మోస్తుంది, కొలత యూనిట్, గీసినప్పటి టాలరెన్స్ కూడా ఫైలులోనే రాసుకుంటుంది. మూడోది ఎస్‌టీఎల్. త్రీడీ ప్రింటింగు కోసం 1987లో పుట్టిన ఈ ఫైలులో త్రికోణాలు తప్ప ఏమీ ఉండవు. గుండ్రం అనే మాటే దానికి తెలియదు. అంకె మిల్లీమీటరా అంగుళమా అన్నదీ అందులో రాసి ఉండదు. 62 మిల్లీమీటర్ల బోరును అంగుళాలుగా తెరిస్తే ఒకటిన్నర మీటరు దాటుతుంది. అది కంటికి కనబడే తప్పు కాబట్టి పరవాలేదు. కంటికి కనబడనిదే ప్రమాదం.

మన హౌసింగునే తీసుకుందాం. లోపల కూర్చునేది 6206 బేరింగు. నంబరులో చివరి రెండంకెలను 5తో హెచ్చిస్తే లోపలి రంధ్రం 30 మిల్లీమీటర్లు. బయటి వ్యాసం 62, మందం 16. హౌసింగు బోరుకు హెచ్7 ఫిట్టు ఇస్తే 62.000 నుంచి 62.030 దాకా ఉండొచ్చు. అంటే చెల్లుబాటయ్యే తేడా 30 మైక్రాన్లు, అదీ పెద్ద వైపుకే. ఒక్క మైక్రాన్ చిన్నదైనా తప్పే.

ఆ బోరు ఎస్‌టీఎల్‌లో 36 పలకలుగా వచ్చిందనుకోండి. తెర మీద అది గుండ్రంగానే కనిపిస్తుంది. మూలలు అసలు వృత్తం మీదే ఉంటాయి, పలకలు మాత్రం లోపలికి వస్తాయి. ఎదురెదురు పలకల మధ్య దూరం లెక్కిస్తే 61.76 మిల్లీమీటర్లు. దాదాపు పావు మిల్లీమీటరు తక్కువ. బేరింగు సుత్తితో కొట్టినా దిగదు. పలకలు రెట్టింపు చేసి 72 పెడితే 61.94. ఇంకా తక్కువే. లోటును 6 మైక్రాన్లకు దించాలంటే 226 పలకల దాకా కావాలి, అప్పటికీ అది 62 కంటే చిన్నదే. మన మూడో రోగం ఇది. మిషన్ తనకిచ్చిన ఆకారాన్ని నమ్మకంగా కోసింది.

స్కాన్‌లో ఇంకో చిక్కు ఉంది. అరిగిన ముక్కను కొలిస్తే అరుగుదల కూడా మోడల్‌లోకి వస్తుంది. స్కానర్ బోరును 62.2 అని చూపితే ఆ అంకె నిజమే, కాకపోతే అది రోగి కొలత. స్కాన్ చుక్కల మీద ఒక అచ్చమైన సిలిండర్ కూర్చోబెట్టి, దాని కేంద్రం ఎక్కడుందో మాత్రం స్కాన్ నుంచి తీసుకుని, వ్యాసం బేరింగు నంబరు నుంచి తీసుకోవాలి. ఏ కొలత ముక్కనడగాలో, ఏ కొలత పట్టికనడగాలో తెలిసినవాడే ఈ పనికి పనికొస్తాడు.

రిపేరు బటన్ చేసే మేలు, కీడు

చిరుగు కనబడగానే "హీల్" అనో "స్టిచ్" అనో ఉన్న బటన్ నొక్కుతాం. అది చేసే పని మన హద్దును పెంచడమే. 0.02 మిల్లీమీటర్ల సందు 0.01 హద్దులో కలవదు. హద్దును 0.05 చేస్తే కలుస్తుంది. సాఫ్ట్‌వేర్ ఎర్రగీత పోయి పచ్చ టిక్కు వస్తుంది, షాపంతా ఊపిరి పీల్చుకుంటుంది. కానీ ఆ 0.05 హద్దు మోడల్ మొత్తానికీ వర్తిస్తుంది. ఇంకోచోట 0.03 పొడవున్న నిజమైన చిన్న అంచు ఉంటే అది నలిగి ఒక చుక్క అయిపోతుంది. దాని పక్క ముఖం మెలిక తిరుగుతుంది. ఒక చిరుగు కుట్టబోయి ఇంకో ముడత తెచ్చుకున్నట్టవుతుంది.

రిపేరుకు ముందు ఒక చిన్న లెక్క వేసుకోవాలి. డ్రాయింగులో అన్నిటికన్నా బిగువైన టాలరెన్స్ ఎంత? మన హౌసింగుకు అది 30 మైక్రాన్లు. కుట్టే హద్దు అందులో పదో వంతు దాటకుండా, అంటే 3 మైక్రాన్ల దగ్గర ఉంచడం మంచి పద్ధతి. దాంతో కలవని అంచులను ఒక్కొక్కటిగా చూసి, ఆ ముఖాన్ని తీసేసి కొత్తగా గీసుకోవడం నిదానమైన పనే, కానీ నమ్మదగిన పని. బోరు వంటి కీలక ముఖాలను హీల్ చేతికి అసలు అప్పగించకూడదు.

సిమ్యులేషన్ చూపించనిది

మోడల్ బాగుపడింది, టూల్‌పాత్ వచ్చింది, సిమ్యులేషన్‌లో పచ్చగా కోసింది. మిషన్ మీద మాత్రం టూల్ ఉన్నట్టుండి పెద్ద చుట్టు చుట్టి జాబ్‌లోకి గీరుకుపోయింది.

"అన్నా, సిమ్యులేషన్‌ల మంచిగనే వచ్చింది" అంటాడు ప్రోగ్రామర్.

"మిషన్‌కు నీ సిమ్యులేషన్ తెల్వదు తమ్మీ, నువ్వు పంపిన ప్రోగ్రామే తెలుసు" అంటాడు ఆపరేటర్.

ఆపరేటర్ మాటలో పాయింటు ఉంది. మామూలు క్యామ్ సిమ్యులేషన్ తన లోపలి టూల్‌పాత్‌నే ఆడిస్తుంది. ఆ టూల్‌పాత్‌ను మిషన్ అర్థం చేసుకునే జీ కోడ్‌గా మార్చేది పోస్ట్ ప్రాసెసర్, అది సిమ్యులేషన్ తర్వాత పనిచేస్తుంది. పోస్ట్‌లో పుట్టిన తప్పు సిమ్యులేషన్‌లో కనబడే అవకాశమే లేదు.

ఆ పెద్ద చుట్టు ఎలా వచ్చిందో చూద్దాం. మరమ్మతు చేసిన మోడల్‌లో ఒక మిల్లీమీటరులో పదివేల వంతులతో కొలిచేంత చిన్న అంచు మిగిలింది, 0.0004 అనుకుందాం. క్యామ్ దాని మీద 25 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో బుల్లి చాపం గీసింది. పోస్ట్ ప్రాసెసర్ దశాంశ బిందువు తర్వాత మూడంకెలే రాస్తుంది. గుండ్రం చేసేసరికి చాపం మొదలు, చివర ఒకే బిందువయ్యాయి. మొదలూ చివరా ఒకటై, కేంద్రం ఎక్కడుందో చెప్పే ఐ, జే విలువలు ఉన్న చాపాన్ని కంట్రోల్ ఎలా చదువుతుంది? పూర్తి వృత్తంగా. 0.0004 మిల్లీమీటర్లు కదలాల్సిన టూల్ 360 డిగ్రీలు తిరుగుతుంది, దారిలో ఏముంటే దాన్ని కోస్తూ. మోడల్‌లో నలుసంత లోపం మిషన్ దగ్గర జాబ్‌నే చెడగొట్టింది. మందు కూడా రెండు చోట్ల వేయాలి. మోడల్‌లో నలుసు అంచు తీసేయాలి, పోస్ట్‌లో కనిష్ఠ చాపం పొడవు పెట్టి అంతకన్నా చిన్నవాటిని సరళరేఖలుగా రాయించాలి.

దీనికి తమ్ముడి వరస తప్పు ఇంకోటి ఉంది. గుండ్రం చేయడం వల్ల చాపం మొదట్లో వ్యాసార్ధానికీ చివర్లో వ్యాసార్ధానికీ తేడా వస్తే ఫానక్ కంట్రోల్ 20వ అలారం ఇచ్చి ఆగుతుంది. ఎంత తేడాను సహించాలో 3410వ పారామీటర్‌లో ఉంటుంది. అలారం పోవాలని ఆ అంకె పెంచేయడం కొన్నిచోట్ల అలవాటు. జ్వరం కొలిచే థర్మామీటర్‌ను పగలగొడితే జ్వరం తగ్గదు. అలారం ఇచ్చిన వరస పట్టుకుని వెనక్కి వెళ్తే పోస్ట్‌లోనో మోడల్‌లోనో అసలు కారణం దొరుకుతుంది.

దశాంశ చుక్క తెచ్చే ప్రమాదం కూడా తక్కువది కాదు. కొన్ని ఫానక్ కంట్రోళ్లలో ఉన్న సెట్టింగు ప్రకారం ఎక్స్ 10 అని చుక్క లేకుండా రాస్తే 10 మైక్రాన్లు, చుక్క పెడితే 10 మిల్లీమీటర్లు. పక్క మిషన్‌లో సెట్టింగు వేరుగా ఉంటే అదే ప్రోగ్రామ్ వెయ్యి రెట్లు తేడాతో నడుస్తుంది. ఒక మిషన్ కోసం తీసిన ప్రోగ్రామ్‌ను ఇంకో మిషన్ మీద పెట్టే ముందు డ్రై రన్ (కోయకుండా నడిపి చూడడం), సింగిల్ బ్లాక్ (ఒక్కో వరసగా నడపడం) తప్పనిసరి అనేది అందుకే.

కొన్నిసార్లు ప్రోగ్రామ్ నూటికి నూరుపాళ్లు సరైనదే, కానీ ఉపరితలం మీద చిన్నచిన్న గాట్లు పడతాయి. పాత మిషన్‌కు సీరియల్ కేబుల్‌తో 9600 బాడ్ వేగంతో ప్రోగ్రామ్ పంపుతున్నారనుకోండి. సెకనుకు వచ్చేవి సుమారు 960 అక్షరాలు. ఒక్కో వరసకు 20 అక్షరాలైతే సెకనుకు 48 వరసలు. క్యామ్ ఒంపును 0.1 మిల్లీమీటర్ల ముక్కలుగా విడగొడితే, మిషన్ సెకనుకు 4.8 మిల్లీమీటర్లకు మించి కదలలేదు. అంటే నిమిషానికి 288. మీరు ఫీడు 1500 అడిగారు. మిషన్ తదుపరి వరస కోసం ఆగుతూ, కదులుతూ, ఆగుతూ పోతుంది. ఆగిన ప్రతిచోటా టూల్ రుద్దిన గుర్తు. ఇక్కడ టూల్ మార్చినా, స్పిండిల్ విప్పినా ఫలితం ఉండదు. క్యామ్‌లో టాలరెన్స్ కొద్దిగా సడలించి ముక్కలు తగ్గించాలి, లేదా ప్రోగ్రామ్‌ను మిషన్ మెమరీలోకే ఎక్కించాలి.

సగం చేసి వెతకడం

ఇన్ని మజిలీలున్నప్పుడు తప్పును ఎక్కడని వెతకాలి? మధ్యలో కోసి చూడడం మంచి పద్ధతి. మొదటి ప్రశ్న: జీ కోడ్‌లోనే తప్పు ఉందా? ప్రోగ్రామ్‌ను వేరే బ్యాక్‌ప్లాట్ సాఫ్ట్‌వేర్‌లో గీయించి చూడండి. అక్కడా తప్పు కనబడితే కారణం మిషన్‌కు ముందే ఉంది. అక్కడ బాగుంటే మిషన్ వైపు చూడాలి. ముందే ఉందంటే మళ్లీ రెండు ముక్కలు: క్యామ్ లోపలి టూల్‌పాత్ బాగుండి జీ కోడ్ చెడితే పోస్ట్‌ది తప్పు. టూల్‌పాతే చెడితే మోడల్‌దో, మనం పెట్టిన విలువలదో.

మోడల్‌లో ఏ ముఖం దోషో తెలియకపోతే అదే సూత్రం. సగం ముఖాలను మాత్రమే ఎంచుకుని టూల్‌పాత్ తీయండి. వస్తే దోషి మిగతా సగంలో ఉంది. ఆ సగాన్ని మళ్లీ సగం చేయండి. వెయ్యి ముఖాలున్న మోడల్‌లోనైనా పది విడతల్లో ఒక్క ముఖం దగ్గరికి చేరుకుంటాం. ఒక్కో విలువ మార్చి చూసేటప్పుడు ఒకేసారి ఒక్కటే మార్చాలి. రెండు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు, తెలియని మందు రేపు పనికిరాదు.

మిషన్ వైపు తప్పులకు సాఫ్ట్‌వేర్‌ది బాధ్యత కాదు. 12 మిల్లీమీటర్ల ఎండ్‌మిల్ అరిగి 11.97కు వచ్చిందంటే, టూల్ ఆఫ్‌సెట్‌లో మార్చకపోతే, దాంతో చుట్టూ తిప్పి కోసిన బోరు 30 మైక్రాన్లు చిన్నదవుతుంది. మన హెచ్7 వెడల్పు మొత్తం అంతే. వేడి కూడా అంతే. ప్రపంచమంతా కొలతలకు ప్రామాణికంగా తీసుకునేది 20 డిగ్రీల సెల్సియస్. కోసిన వెంటనే 20 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్న పోత ఇనుము బోరు 13 మైక్రాన్లు పెద్దగా చూపిస్తుంది. సరిగ్గా ఉందని తీసేస్తారు, చల్లారాక చిన్నదవుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం కొలిచిన జాబ్ పొద్దున్నే మళ్లీ కొలిస్తే తేడా రావడంలో వింత లేదు.

గీసేవాళ్లకూ, కోసేవాళ్లకూ

క్యామ్ ఇప్పుడు ఐటీఐలలోనూ, డిప్లొమాలోనూ పాఠంగా ఉంది. కానీ చాలాచోట్ల నేర్పేది ఏ మెనూలో ఏ బటన్ ఉందో. మెనూలు కొత్త వెర్షన్ రాగానే మారిపోతాయి. అంచును రెండు ముఖాలు పంచుకోవాలన్నదీ, గుండ్రం చేసిన అంకె చాపాన్ని వృత్తం చేస్తుందన్నదీ మారవు. ఇలాంటి నాలుగు విషయాలు తెలిసిన కుర్రాడు ఏ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చున్నా రెండు రోజుల్లో దారిలో పడతాడు.

దోమ నుంచో, పరిగి నుంచో, తాండూరు నుంచో బాలానగర్‌కు ఫైలు పంపేవాళ్లు కొన్ని పాటిస్తే సగం తగాదాలు పుట్టవు. త్రికోణాల ఎస్‌టీఎల్ పంపకండి, స్టెప్ పంపండి. దానితోపాటు పీడీఎఫ్ డ్రాయింగు పెట్టండి, అందులో యూనిట్, బిగువైన టాలరెన్స్, బేరింగు నంబరు రాయండి. అరిగిన ముక్కను కొలిచి గీశారా, పట్టిక చూసి గీశారా అన్నది ఒక్క వాక్యంలో చెప్పండి. షాపువాళ్లు ఫైలు తెరిచిన వెంటనే, రేటు చెప్పకముందే, ఒక కీలక కొలతను మోడల్‌లో కొలిచి డ్రాయింగుతో సరిచూడాలి. అది ఐదు నిమిషాల పని. అది చేయని షాపు ఆ ఐదు నిమిషాలకు బదులు ఒక పోత ముక్కనూ, ఒక షిఫ్టునూ పోగొట్టుకుంటుంది.